ఎంతసేపు చూస్తే చాలు? – అంతరిక్ష టెలిస్కోపుల ఎక్స్‌పోజర్ సమయం



రాత్రిపూట కరెంటు పోయినప్పుడు మీరు డాబా మీదికి వెళ్ళి ఆకాశం చూసే ఉంటారు. మొదట నాలుగైదు నక్షత్రాలే కనబడతాయి. అరగంట గడిచేసరికి వందల కొద్దీ కనబడతాయి. మీ కన్ను చీకటికి అలవాటు పడింది. కానీ అక్కడితో సరి. ఆ తరువాత గంటసేపు చూసినా, తెల్లవార్లూ చూసినా కొత్త నక్షత్రాలు కనబడవు. ఎందుకని? మన కన్ను వచ్చిన వెలుగును సెకనులో కొద్ది భాగం మాత్రమే పట్టి ఉంచి, మెదడుకు కబురు పంపి, మళ్ళీ ఖాళీ అయిపోతుంది. నిన్నటి వెలుగును, నిమిషం క్రితం వెలుగును అది దాచుకోదు.

కెమెరా అలా కాదు. తలుపు తెరిచి ఉంచినంతసేపూ వచ్చిన వెలుగును కూడబెడుతుంది. ఈ తలుపు తెరిచి ఉంచే కాలాన్నే ఎక్స్‌పోజర్ సమయం అంటారు. మరి టెలిస్కోపు కెమెరా తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలి? "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అని మీకు అనిపించవచ్చు. కానీ అంతరిక్ష టెలిస్కోపు విషయంలో ఆ జవాబు చెల్లదు. ఒకరికి ఎక్కువగా ఇచ్చిన ప్రతి గంటా మరొకరి దగ్గర తగ్గించినదే. తక్కువ ఇస్తే, ఇచ్చిన ఆ కాస్తా వృథా. కాబట్టి ఎంత సమయం కావాలో ముందే లెక్క కట్టి, ఆ లెక్కను నిపుణుల ముందు నిరూపించాలి. ఆ లెక్క ఎలా కడతారో ఈ పాఠంలో తెలుసుకుందాం. కావలసిన గణితం మీకు తెలిసినదే: కూడికలు, భాగహారం, ఒక వర్గమూలం.

కాంతి వాన

కాంతి ఎడతెగని ధారలాగా వస్తున్నట్టు మనకు కనిపిస్తుంది. నిజానికి అది చినుకుల్లాగా విడివిడిగా వస్తుంది. ఒక్కొక్క చినుకును ఫోటాన్ అంటారు. టెలిస్కోపు వెనుక ఉండే సీసీడీ అనే పలుచని సిలికాన్ బిళ్ళ మీద లక్షల కొద్దీ చిన్న గడులు ఉంటాయి. వాటిని పిక్సెళ్ళు అంటారు. ఫోటాన్ వచ్చి పిక్సెల్‌లో పడితే అక్కడ ఒక ఎలక్ట్రాన్ విడుదలై నిలిచిపోతుంది. పడిన ఫోటాన్లన్నీ ఎలక్ట్రాన్లుగా మారవు, కొన్ని జారిపోతాయి. ఎక్స్‌పోజర్ ముగిశాక ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు చేరాయో లెక్కిస్తే అదే చిత్రం. వాకిట్లో వరుసగా గిన్నెలు పెట్టి, వాన వెలిశాక ఏ గిన్నెలో ఎన్ని నీళ్ళున్నాయో కొలిచినట్టన్నమాట.

మసకగా ఉండే గెలాక్సీల విషయంలో ఈ వాన ఎంత పలుచగా ఉంటుందో ఊహించండి. హబుల్ టెలిస్కోపు అద్దం వ్యాసం 2.4 మీటర్లు. అంత పెద్ద అద్దం మీద కూడా, హబుల్ తీసిన అతి లోతైన చిత్రాల్లోని అతి మసక గెలాక్సీల నుంచి నిమిషానికి ఒక్క ఫోటాన్ మాత్రమే వచ్చింది. అదే దగ్గరి గెలాక్సీల నుంచి నిమిషానికి లక్షలాది ఫోటాన్లు వస్తాయి.

లెక్క ఎందుకు నిలకడగా ఉండదు?

ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ వీధి మలుపులో నిలబడి నిమిషానికి ఎన్ని ఆటోలు వెళ్తున్నాయో పది నిమిషాలు లెక్కపెట్టండి. సగటున నిమిషానికి తొమ్మిది వెళ్తున్నాయనుకుందాం. అయినా ప్రతి నిమిషమూ కచ్చితంగా తొమ్మిది వెళ్ళవు. ఒకసారి ఆరు, ఒకసారి పదకొండు, మరోసారి తొమ్మిది. ఈ హెచ్చుతగ్గులు సాధారణంగా సగటు సంఖ్య వర్గమూలానికి దగ్గరగా ఉంటాయి. తొమ్మిదికి వర్గమూలం మూడు. అంటే తొమ్మిదికి అటూ ఇటూ మూడు. దేనికది విడిగా, యాదృచ్ఛికంగా జరిగే సంఘటనలన్నింటికీ ఈ సూత్రం వర్తిస్తుంది. ఫోటాన్ల రాక అటువంటిదే.

ఒక నక్షత్రం నుంచి 100 ఫోటాన్లు లెక్కించామనుకోండి. అందులో అనిశ్చితి 10, అంటే నూటికి పది వంతులు. నూరు రెట్లు ఎక్కువసేపు చూసి 10,000 ఫోటాన్లు లెక్కిస్తే అనిశ్చితి 100, అంటే నూటికి ఒక వంతు. సమయం నూరు రెట్లయింది, కచ్చితత్వం మాత్రం పది రెట్లే పెరిగింది. ఈ పాఠమంతటికీ ఇదే కీలకం. మనకు కావలసిన సంకేతం సమయంతో సమానంగా పెరుగుతుంది. దానిలోని అనిశ్చితిని ఇంజనీర్లు నాయిస్ అంటారు, మనం రొద అందాం. ఆ రొద సమయం వర్గమూలంగా పెరుగుతుంది. సంకేతాన్ని రొదతో భాగిస్తే వచ్చేదే సంకేత-రొద నిష్పత్తి. అది రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల సమయం కావాలి. మూడు రెట్లు కావాలంటే తొమ్మిది రెట్ల సమయం కావాలి.

నాలుగు రకాల రొద

గిన్నెలో పడేది మనకు కావలసిన వాన ఒక్కటే అయితే లెక్క సులువే. కానీ ఇంకా మూడు చోట్ల నుంచి చినుకులు చేరతాయి.

మొదటిది, ఇప్పుడు చెప్పుకున్న రొద. మనం చూడదలచిన నక్షత్రం లేదా గెలాక్సీ సొంత వెలుగులోని హెచ్చుతగ్గులు.

రెండవది ఆకాశపు నేపథ్య వెలుగు. అంతరిక్షంలో ఆకాశం పూర్తి నలుపు అని మనం అనుకుంటాం. కాదు. సూర్యుని చుట్టూ గ్రహాల నడుమ సన్నని ధూళి వ్యాపించి ఉంది. దాని మీద పడి చెదిరే సూర్యకాంతి టెలిస్కోపులోకి వస్తుంది. భూమికి దగ్గరగా తిరిగే టెలిస్కోపుకు, పగటి వైపు భూమి నుంచి వచ్చే వెలుగు కూడా తోడవుతుంది.

మూడవది చీకటి ప్రవాహం. బొత్తిగా వెలుగు పడకపోయినా, సిలికాన్‌లోని వేడి వల్ల కొన్ని ఎలక్ట్రాన్లు వాటంతటవే విడుదలవుతాయి. అందుకే సీసీడీలను సున్నకు చాలా దిగువ ఉష్ణోగ్రతకు చల్లబరుస్తారు.

నాలుగవది చదివేటప్పటి రొద. గడిలోని ఎలక్ట్రాన్లను లెక్కించే ఎలక్ట్రానిక్ పరికరం ప్రతిసారీ కొద్దిగా పొరబడుతుంది. దీనికి కాలంతో సంబంధం లేదు. ఒక సెకను ఎక్స్‌పోజర్ అయినా, వెయ్యి సెకన్ల ఎక్స్‌పోజర్ అయినా చదివిన ప్రతిసారీ అంతే పొరబాటు చేరుతుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, తరువాత పనికివస్తుంది.

ఈ నాలుగింటి హెచ్చుతగ్గులను నేరుగా కూడకూడదు. వాటి వర్గాలను కూడి, వచ్చిన మొత్తానికి వర్గమూలం తీయాలి. ఫోటాన్ల లెక్కకు వర్గమంటే ఆ సంఖ్యే కాబట్టి పని తేలిక.

ఒక లెక్క చేసి చూద్దాం

ఒక మసక గెలాక్సీ ఉందనుకుందాం. లెక్క సులువుగా ఉండేందుకు గుండ్రని సంఖ్యలు తీసుకుందాం. ఆ గెలాక్సీ నుంచి పది సెకన్లకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున, అంటే సెకనుకు 0.1 ఎలక్ట్రాన్ వస్తుంది. దాని బింబం 25 పిక్సెళ్ళ మీద పరుచుకుంది. నేపథ్యం నుంచి ఒక్కో పిక్సెల్‌లో సెకనుకు 0.1, చీకటి ప్రవాహం నుంచి 0.01 ఎలక్ట్రాన్లు చేరతాయి. చదివేటప్పటి రొద ఒక్కో పిక్సెల్‌కు 3 ఎలక్ట్రాన్లు. దాని వర్గం 9.

వెయ్యి సెకన్ల ఎక్స్‌పోజర్ తీస్తే ఏమవుతుంది?

గెలాక్సీ నుంచి వచ్చినవి 100.
నేపథ్యం నుంచి, 25 పిక్సెళ్ళకు కలిపి 2,500.
చీకటి ప్రవాహం నుంచి 250.
చదివేటప్పటి రొద వర్గం, 25 పిక్సెళ్ళకు 225.
మొత్తం 3,075. దాని వర్గమూలం సుమారు 55.5.

మన సంకేతం 100, రొద 55.5. నిష్పత్తి 1.8. గమనించండి, గడుల్లో చేరినదానిలో అధిక భాగం గెలాక్సీది కాదు, నేపథ్యానిది. ఎగ్జిబిషన్ మైదానంలో మైకు మోగుతుండగా పక్కవాడి గుసగుస వినడానికి ప్రయత్నించినట్టుంది మన పరిస్థితి.

నిష్పత్తి 1.8 చాలదా? చాలదు. ఎందుకో చూడండి. హబుల్ పెద్ద కెమెరా ఒకదానిలో సుమారు 1 కోటి 60 లక్షల పిక్సెళ్ళు ఉన్నాయి. 25 పిక్సెళ్ళకు ఒక ముక్క చొప్పున విడగొడితే 6 లక్షల 40 వేల ముక్కలు. అసలు ఏమీ లేని ఆకాశంలో కూడా, కేవలం హెచ్చుతగ్గుల వల్ల, వీటిలో ఎనిమిది వందలకు పైగా ముక్కలు నిష్పత్తి 3 దాటి మెరుస్తాయి. అవన్నీ గెలాక్సీలే అనుకుంటే మనం మోసపోయినట్టే. నిష్పత్తి 5 దగ్గర గీత గీస్తే అటువంటి దొంగ గెలాక్సీ చిత్రమంతటిలో ఒక్కటైనా దొరకడం అరుదు. అందుకే "ఇక్కడ ఏదో ఉంది" అని ధైర్యంగా చెప్పడానికి సాధారణంగా 5 కావాలంటారు. దాని వెలుగు ఎంతో నూటికి పది వంతుల తేడాతో చెప్పడానికి 10 కావాలి.

మన నిష్పత్తిని 1.8 నుంచి 5కు తేవాలంటే, 5ను 1.8తో భాగించి వర్గం చేయాలి. సుమారు 7.7 వస్తుంది. అంటే వెయ్యి సెకన్ల ఎక్స్‌పోజర్లు ఎనిమిది కావాలి. అదే 10కి తేవాలంటే ముప్ఫై ఒకటి కావాలి. "గెలాక్సీ ఉందా?" అన్న ప్రశ్నకు, "దాని వెలుగు ఎంత?" అన్న ప్రశ్నకు మధ్య ధరలో తేడా నాలుగు రెట్లు. కాబట్టి ఎక్స్‌పోజర్ సమయాన్ని నిర్ణయించేది గెలాక్సీ ఒక్కటే కాదు, మనం దాన్ని అడగదలచిన ప్రశ్న కూడా.

ముక్కలు చేయడం ఎందుకు?

ఎనిమిది వేల సెకన్లు ఒకే ఎక్స్‌పోజర్‌గా తీయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. లెక్క ప్రకారం నిష్పత్తి కొద్దిగా మెరుగై 5.3 అవుతుంది కూడా. కానీ అంతరిక్షంలో విశ్వకిరణాలు అనే శక్తిమంతమైన కణాలు నిత్యం వచ్చి సీసీడీని తాకుతుంటాయి. అవి తాకిన గడిలో ఒక్కసారిగా వందలు, వేల ఎలక్ట్రాన్లు విడుదలై, అక్కడ నక్షత్రం ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. హబుల్ కెమెరాలో వెయ్యి సెకన్ల ఎక్స్‌పోజర్‌కు నూటికి ఒకటి నుంచి మూడు పిక్సెళ్ళ వరకు ఇలా పాడవుతాయి. ఒకే ఒక్క చిత్రం ఉంటే ఏది నక్షత్రమో ఏది విశ్వకిరణమో తేల్చడం కష్టం. నాలుగైదు చిత్రాలు ఉంటే తేలిక. నక్షత్రం అన్నింటిలో ఉంటుంది. విశ్వకిరణం ఒక్కదానిలోనే ఉంటుంది.

మరొక కారణం కూడా ఉంది. గిన్నె నిండితే పొర్లుతుంది. ఒక్కో పిక్సెల్‌లో కొన్ని పదుల వేల ఎలక్ట్రాన్లకు మించి పట్టవు. మనం చూసే చోట మసక గెలాక్సీ పక్కనే ప్రకాశవంతమైన నక్షత్రం ఉంటే దాని గడులు ముందే నిండి, ఎలక్ట్రాన్లు పక్క గడుల్లోకి పొర్లుతాయి. అందుకే ఎక్స్‌పోజర్లను ముక్కలు చేస్తారు. ముక్కకూ ముక్కకూ మధ్య టెలిస్కోపును కొద్దిగా జరుపుతారు. అప్పుడు పాడైన పిక్సెల్ ప్రతిసారీ అదే గెలాక్సీ మీద పడదు.

సరే, మరీ చిన్న ముక్కలు చేస్తే? అదే ఎనిమిది వేల సెకన్లను వంద సెకన్ల చొప్పున 80 ముక్కలు చేద్దాం. ఇప్పుడు చదివేటప్పటి రొద 80 సార్లు చేరుతుంది. 225ను 80తో గుణిస్తే 18,000. ఎనిమిది ముక్కలప్పుడు ఇది 1,800 మాత్రమే. లెక్క కడితే నిష్పత్తి 5.1 నుంచి 4కు పడిపోతుంది. చూసిన కాలం అంతే, గెలాక్సీ అదే, అద్దం అదే. కోసిన తీరు మారింది, గెలాక్సీ చేజారింది.

గడియారం ఒకటి, కక్ష్య ఒకటి

ఎనిమిది వేల సెకన్లంటే రెండు గంటల పదమూడు నిమిషాలు. కానీ హబుల్‌కు దరఖాస్తు పెట్టేవారు గంటల్లో అడగరు, కక్ష్యల్లో అడుగుతారు. కారణం ఏమిటంటే, హబుల్ దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తున భూమిని సుమారు 95 నిమిషాలకొకసారి చుట్టివస్తుంది. అంత దగ్గరగా ఉన్నప్పుడు భూమి సగం ఆకాశాన్ని కప్పేస్తుంది. చాలా లక్ష్యాలు ఒక్కో కక్ష్యలో యాభై నుంచి అరవై నిమిషాలు మాత్రమే కనబడి, తరువాత భూమి చాటుకు వెళ్తాయి.

ఆ నిమిషాలన్నీ కూడా మనవి కావు. టెలిస్కోపు కదలకుండా నిలవడానికి ముందుగా దారి చూపే నక్షత్రాలను పట్టుకోవాలి. మొదటిసారి అందుకు సుమారు ఆరు నిమిషాలు పడుతుంది. ఫిల్టరు మార్చడానికి, చిత్రాన్ని చదవడానికి, దాచడానికి మరికొంత పోతుంది. మిగిలినదానిలో వెయ్యి సెకన్ల ఎక్స్‌పోజర్లు రెండు పడతాయి. కాబట్టి మన ఎనిమిది ఎక్స్‌పోజర్లకు నాలుగు కక్ష్యలు కావాలి. రెండు గంటల పదమూడు నిమిషాల పని ఆరు గంటలకు పైగా సాగింది.

ఇంకొక అడ్డంకి కూడా ఉంది. దక్షిణ అమెరికా, దక్షిణ అట్లాంటిక్ సముద్రం మీదుగా వెళ్ళేటప్పుడు భూమి చుట్టూ ఉన్న విద్యుత్ కణాల పట్టీ కిందికి దిగి ఉంటుంది. ఆ ప్రాంతం దాటుతున్నంతసేపు పరిశీలనలు ఆపేస్తారు. ప్రణాళిక వేసేవారు ఏ కక్ష్య ఎటు వెళ్తుందో చూసుకుని మరీ ఎక్స్‌పోజర్లను అమరుస్తారు.

2021 డిసెంబర్ 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిస్థితి వేరు. అది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉంది. భూమి దానికి అడ్డురాదు. అయితే దాని గొడుగు ఎప్పుడూ సూర్యుని వైపే ఉండాలి కాబట్టి, ఏ రోజైనా ఆకాశంలో నూటికి 39 వంతులే దానికి అందుబాటులో ఉంటుంది. కొత్త లక్ష్యం వైపు తిరగడానికి అర గంట చొప్పున లెక్కలో వేస్తారు. ఒక సదుపాయం కూడా ఉంది. దాని పరారుణ శోధకాలు గిన్నెను ఒలకబోయకుండానే నీటి మట్టాన్ని మళ్ళీ మళ్ళీ కొలవగలవు. మట్టం నిదానంగా పెరుగుతుంటే అది నక్షత్రం. ఉన్నట్టుండి మెట్టులాగా ఎగిరితే అది విశ్వకిరణం.

ఎక్కువ అడిగితే తప్పేమిటి?

2024 అక్టోబరులో జేమ్స్ వెబ్ నాలుగవ విడత పరిశీలనలకు దరఖాస్తులు ముగిసేసరికి దాదాపు 2,400 ప్రతిపాదనలు వచ్చాయి. అవన్నీ కలిపి సుమారు 78,000 గంటలు అడిగాయి. ఏడాదికి ఉన్నవే 8,760 గంటలు. అంటే అందుబాటులో ఉన్న సమయానికి దాదాపు తొమ్మిది రెట్లు. ప్రతి తొమ్మిది గంటల కోరికలో ఎనిమిది గంటలు తిరస్కరించక తప్పదు.

ఇటువంటి చోట మీరు నాలుగు కక్ష్యల పనికి పదహారు అడిగారనుకోండి. సమీక్ష చేసే శాస్త్రజ్ఞులు మీ లెక్క తిరగేసి చూస్తారు. ప్రశ్నకు 5 చాలినప్పుడు 10 ఎందుకని అడుగుతారు. జవాబు లేకపోతే ప్రతిపాదన పక్కకు వెళ్తుంది. భయపడి రెండే అడిగారనుకోండి. అవి దొరుకుతాయి, కానీ నిష్పత్తి 3.6 దగ్గర ఆగుతుంది. గెలాక్సీ ఉందని చెప్పలేరు, లేదనీ చెప్పలేరు. ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం. మీకూ ఉపయోగపడలేదు, ఆ రెండు కక్ష్యలు దొరికితే తన పని పూర్తిచేసుకునే మరో విద్యార్థికీ దక్కలేదు.

దరఖాస్తుదారుల పేరు చూసి కాకుండా లెక్క చూసి నిర్ణయించేందుకు, 2018 నుంచి హబుల్ ప్రతిపాదనలను పేర్లు తెలియనివ్వకుండా సమీక్షిస్తున్నారు. జేమ్స్ వెబ్‌కూ అదే పద్ధతి. కాబట్టి పెద్ద పేరు లేని చిన్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన దరఖాస్తుకు కూడా, లెక్క సరిగా ఉండడమే బలం.

ఖాళీ ఆకాశం కోసం పది రోజులు

లెక్క ముందుగా కట్టడం తెలిసినా, ఏమి దొరుకుతుందో తెలియని సందర్భాలు ఉంటాయి. 1995లో అటువంటిదే జరిగింది. అప్పుడు హబుల్ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్న రాబర్ట్ విలియమ్స్, తన విచక్షణ మేరకు కేటాయించగల సమయాన్ని ఒక ఖాళీ ఆకాశపు ముక్క మీద ఖర్చుపెట్టాలని నిర్ణయించారు. అక్కడ కొత్తగా ఏమీ కనబడకపోవచ్చని అనుభవజ్ఞులైన కొందరు శాస్త్రజ్ఞులు అనుమానించారు. విఫలమైతే పది రోజుల అమూల్యమైన కాలం వృథా అయ్యేది.

ఆ ప్రణాళికను మన పాఠం దృష్టితో చూడండి. సప్తర్షి మండలంలో ఎంచుకున్న ఆ చోటు, ఆ రోజుల్లో భూమి చాటుకు పోకుండా హబుల్‌కు నిరంతరం కనబడే ప్రాంతంలో ఉంది. కాబట్టి కక్ష్యలో సగం పోగొట్టుకునే బాధ లేదు. డిసెంబర్ 18 నుంచి 28 వరకు 150 కక్ష్యల్లో 342 ఎక్స్‌పోజర్లు తీశారు. నాలుగు ఫిల్టర్లలో కలిపి సుమారు 140 గంటల వెలుగు కూడింది. అతినీలలోహిత ఫిల్టరులో నేపథ్యం చాలా తక్కువ. అక్కడ అసలు అడ్డంకి చదివేటప్పటి రొద. కనుక భూమి వెలుగు ఎక్కువగా ఉండే సమయాలను ఆ ఫిల్టరుకు కేటాయించి, చీకటి సమయాలను మిగతా ఫిల్టర్లకు దాచారు. ఏ రొద ఎక్కడ పెద్దదో తెలిసినవారు మాత్రమే వేయగల ప్రణాళిక అది.

ఫలితంగా ఆ ఖాళీ ముక్కలో దాదాపు 3,000 గెలాక్సీలు కనిపించాయి. తరువాత 2003 సెప్టెంబర్ 24 నుంచి 2004 జనవరి 16 వరకు ఫోర్నాక్స్ రాశిలో మరో ముక్కను 400 కక్ష్యల పాటు చూశారు. ఒక్కొక్కటి సగటున 21 నిమిషాల చొప్పున 800 ఎక్స్‌పోజర్లు, మొత్తం దాదాపు 11 రోజులు. అందులో సుమారు 10,000 గెలాక్సీలు ఉన్నాయి. మొదట్లో చెప్పుకున్న, నిమిషానికి ఒక్క ఫోటాన్ పంపే గెలాక్సీలు ఈ చిత్రంలోనివే. ఒక్క ఎక్స్‌పోజర్‌లో వాటి నుంచి వచ్చింది సుమారు ఇరవై ఒక్క ఫోటాన్లు. అన్నీ కూడితే పదహారు వేలు.

చిన్న అద్దం, 28 గంటలు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 రాకెట్టు ఆస్ట్రోశాట్‌ను సుమారు 650 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. భూమధ్యరేఖకు కేవలం ఆరు డిగ్రీల వాలులో తిరిగే కక్ష్యను దానికి ఎంచుకున్నారు. మనం చెప్పుకున్న విద్యుత్ కణాల ప్రాంతం తాకిడి ఆ కక్ష్యలో తక్కువ. ఇది కూడా ఎక్స్‌పోజర్ ప్రణాళికలో భాగమే. రాకెట్టు ఎగరకముందే మొదలైన భాగం.

ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు అద్దం వ్యాసం 38 సెంటీమీటర్లు మాత్రమే. హబుల్ అద్దం వైశాల్యంలో అది నలభయ్యో వంతు. పైగా అది కక్ష్యలో రాత్రి భాగంలోనే పరిశీలిస్తుంది. కానీ దాని శోధకం ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కిస్తుంది. సెకనుకు సుమారు 29 చిత్రాలు తీసి, ప్రతి ఫోటాన్ ఎప్పుడు ఎక్కడ పడిందో నమోదు చేస్తుంది. అందువల్ల చదివేటప్పటి రొద అనే నాలుగవ శత్రువు లేడు. దూర అతినీలలోహితంలో నేపథ్యం కూడా స్వల్పం. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ప్రకాశవంతమైన నక్షత్రం దృశ్యంలో ఉంటే శోధకం దెబ్బతింటుంది. అందుకే ప్రతి లక్ష్యం చుట్టుపక్కల నక్షత్రాలను ముందే సరిచూస్తారు.

2016 అక్టోబరులో ఈ చిన్న టెలిస్కోపు, హబుల్ పదకొండు రోజులు చూసిన అదే ఫోర్నాక్స్ ప్రాంతాన్ని 28 గంటలకు పైగా చూసింది. పూణేలోని ఐయూకా శాస్త్రజ్ఞుడు కనక్ సాహా నాయకత్వంలోని బృందం ఆ సమాచారాన్ని దాదాపు రెండేళ్ళు పరిశీలించింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి తీవ్ర అతినీలలోహిత కాంతి బయటికి వస్తోందని కనుగొని, 2020 ఆగస్టులో నేచర్ ఆస్ట్రానమీ పత్రికలో ప్రకటించింది. అంత పెద్ద హబుల్‌కు ఆ కాంతి ఎందుకు చిక్కలేదు? అక్కడి శోధకంలో రొద ఎక్కువ, ఇక్కడ తక్కువ. భాగహారంలో పైసంఖ్య పెంచడం ఒక మార్గం. కిందిసంఖ్య తగ్గించడం మరొక మార్గం. రెండవ దారిలో నడిచి, సరిపడినంత సేపు చూసినందువల్ల నలభయ్యో వంతు అద్దం ఆ పని చేయగలిగింది.

గుర్తుంచుకోవలసిన వరుస

మీరే ఒక పరిశీలనకు ప్రణాళిక వేస్తున్నారనుకోండి. ముందుగా ప్రశ్న రాసుకోండి. దానికి జవాబు చెప్పడానికి సంకేత-రొద నిష్పత్తి ఎంత కావాలో నిర్ణయించండి. లక్ష్యం నుంచి సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయో, నాలుగు రొదల్లో ఏది పెద్దదో అంచనా వేయండి. సమయం లెక్క కట్టండి. గిన్నె పొర్లకుండా, విశ్వకిరణాలు బయటపడేలా, అయితే మరీ చిన్నవి కాకుండా ముక్కలు చేయండి. చివరగా ఆ ముక్కలు కక్ష్యలో ఎలా పడతాయో అమర్చండి. టెలిస్కోపు సంస్థలు ఈ లెక్క కట్టే ఎక్స్‌పోజర్ కాలిక్యులేటర్లను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాయి. కానీ కాలిక్యులేటరు మీరు ఇచ్చిన సంఖ్యలకు జవాబు చెబుతుందే తప్ప, మీ ప్రశ్నకు ఎంత కచ్చితత్వం చాలో చెప్పదు. అది మీరే నిర్ణయించాలి.

మీరు చేయండి

మన ఉదాహరణలోని గెలాక్సీ పక్కనే, దానికంటే సగం వెలుగు మాత్రమే ఉన్న మరో గెలాక్సీ ఉంది. సెకనుకు 0.05 ఎలక్ట్రాన్ వస్తుంది. మిగతా సంఖ్యలన్నీ అవే. నిష్పత్తి 5 రావాలంటే వెయ్యి సెకన్ల ఎక్స్‌పోజర్లు ఎన్ని కావాలి? కక్ష్యలు ఎన్ని? పదహారు, ఎనిమిది అని తొందరపడి రాయకండి. వెలుగు సగమైతే సమయం రెట్టింపు చాలుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. లెక్క కట్టి చూడండి. ముప్ఫై ఒక్క ఎక్స్‌పోజర్లు, పదహారు కక్ష్యలు వస్తే మీకు ఈ పాఠం అర్థమైనట్టే.